జిల్లేడు జన్యువు శీల నిర్ధారణ

ఇకమీదట ఆఫీసుల్లో ప్రతి కాగితమూ తెలుగులోనే నడవాలని ఉత్తర్వు వచ్చిన రోజున, వృక్ష ఎంజైముల పరిశోధనా సంస్థలో అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి డాక్టర్ పొట్నూరు హైమవతి. ఊరికే సంతోషించి ఊరుకోకుండా క్యాంటీన్ నుంచి నలుగురికీ పకోడీలు కూడా తెప్పించింది. తర్వాత జరిగినదానికి ఆ పకోడీల బాధ్యత ఏమీ లేదు.

ఆ సంస్థ ఉత్తరాంధ్రలో ఒక చిన్న పట్నం చివర, ఒకప్పటి గోనెసంచుల గోదాములో ఉండేది. హైమవతి అక్కడ ఆరేళ్లుగా జిల్లేడు వెంట పడి ఉంది. జిల్లేడు ఆకు తుంచితే కారే పాలలో ప్రోటియేజు అనే ఎంజైము ఉంటుంది. మాంసకృత్తులను కోయడమే దాని పని. పచ్చితోలుకు దాన్ని పట్టిస్తే వెంట్రుక కుదురు దగ్గర పట్టు వదిలి, దువ్వెనకు చిక్కు వచ్చినట్టు వెంట్రుకలన్నీ ఊడి వస్తాయి. తోలుకు మాత్రం గీత పడదు. అయితే పాలు నేరుగా వాడితే కంట్లో పడి చూపు పోయే ప్రమాదం ఉంది. పైగా వానాకాలం పాలకు ఒక బలం, ఎండాకాలం పాలకు ఇంకో బలం. అందుకని హైమవతి ఆ ఎంజైమును తయారుచేసే జన్యువును జిల్లేడులోంచి వేరుచేసి, ఒక రకం ఈస్టులో పెట్టింది. ఈస్టు డ్రమ్ములో పులుస్తున్నంత కాలం ఎంజైము ఒకే బలంతో ఊరుతూ ఉంటుంది. అది ఎంత వేడి దగ్గర చురుగ్గా ఉంటుంది, ఎంత పులుపు తగిలితే చతికిలబడుతుంది, దేన్ని కోస్తుంది, దేన్ని ముట్టదు, అన్నీ కొలిచి నూట నలభై పేజీల నివేదిక రాసింది.

ఆ నివేదిక కోసం పాతిక మైళ్ల అవతల ముషిడిపాలెంలో నలభై మూడు కుటుంబాలు కాచుకుని ఉన్నాయి. అక్కడి తోళ్ల కార్మికుల సహకార సంఘంలో మూడు తరాలుగా సున్నమూ సల్ఫైడూ కలిపిన నీళ్లలో తోళ్లు నానబెట్టి వెంట్రుకలు తీస్తున్నారు. ఆ నీళ్లు కాలవలోకి పోతే చేపలు చచ్చి తేలుతున్నాయి, చేతులకు తగిలితే గోళ్లు మెత్తబడి రాలిపోతున్నాయి. మార్చి నెలాఖరులోగా సల్ఫైడు మానకపోతే సంఘానికి తాళం వేస్తామని కాలుష్యం చూసే అధికారులు నోటీసు ఇచ్చారు. సంఘం అధ్యక్షురాలు బంగారి సలోమి ఆ నోటీసు పట్టుకుని జనవరి మొదటి వారంలో హైమవతి దగ్గరికి వచ్చింది.

"నెలాఖరుకల్లా ప్రభుత్వం అనుమతి వస్తుంది సలోమమ్మా," అంది హైమవతి. "రాగానే మొదటి డ్రమ్ము మీకే."

నివేదికను ఆమె ముషిడిపాలెం వాళ్లకు అర్థమయ్యే తెలుగులోనే రాసింది. అట్ట మీద పేరు: 'జిల్లేడు నుంచి ప్రోటియేజు జన్యువును వేరుచేయడం, దాని గుణాలు తెలుసుకోవడం.' రాసి, పరిపాలనాధికారి బల్ల మీద పెట్టింది.

పరిపాలనాధికారి చతుర్వేదుల భీమశంకరం. ఇరవై ఏడేళ్లు జైళ్ల శాఖలో మచ్చ లేకుండా పనిచేసి, పదోన్నతి మీద ఈ సంస్థకు బదిలీ అయినవాడు. జైళ్ల నియమావళిని సాంతం తెలుగు చేసి శాలువా కప్పించుకున్న ఖ్యాతి ఉంది కాబట్టి సంస్థలో అధికార భాష అమలు బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. ఆయన నివేదికను నాలుగు రోజులు ఇంటికి తీసుకువెళ్లి, అధికారిక తెలుగులోకి మార్చి, సచివాలయానికి పంపేసిన తర్వాత ఒక నకలు హైమవతికి ఇచ్చాడు.

అట్ట మీద ఇలా ఉంది: 'జిల్లేడు నందలి ప్రోటియేజు జన్యువు యొక్క ఏకాంత నిర్బంధము మరియు శీల నిర్ధారణ.'

హైమవతి ఆ కాగితం చేత్తో పట్టుకునే మేడ దిగింది.

"సార్, ఏకాంత నిర్బంధం ఏమిటి?"

"ఐసొలేషన్," అన్నాడు భీమశంకరం.

"వేరుచేయడం అని రాశాను కదా."

"రాశారు. చూశాను. బియ్యంలో రాళ్లు వేరుచేస్తాం, అన్నదమ్ములు వంటలు వేరుచేసుకుంటారు. అది వాడుక. ప్రభుత్వం వాడుకలో నడవదమ్మా. పదకోశంలో ఐసొలేషన్‌కు ఏకాంత నిర్బంధం అనే ఉంది."

"ఏ పదకోశం సార్?"

"ఉన్నది ఒక్కటే కదా. నేను కూర్చినది."

"మరి శీల నిర్ధారణ?"

"క్యారెక్టరైజేషన్. ఆ మాట తట్టినప్పుడు నాకే ఒళ్లు పులకరించింది."

హైమవతి పేజీలు తిప్పింది. జన్యువు ఈస్టులో పనిచేయడం, ఇంగ్లీషులో ఎక్స్‌ప్రెషన్, మొదలుపెట్టిందని తాను రాసినచోట, 'సదరు జన్యువు ఈస్టు సమక్షమున ఎట్టి ఒత్తిడియు లేక వాంగ్మూలము ఇచ్చినది' అని ఉంది.

"ఒత్తిడి లేకుండా అని నేను ఎక్కడా రాయలేదు సార్."

"అది లేకపోతే వాంగ్మూలం చెల్లదు. మీకోసం నేనే చేర్చాను," అన్నాడాయన ప్రేమగా.

సవరించి మళ్లీ పంపుదామని ఆమె బతిమాలింది. భీమశంకరం విసుక్కోలేదు. ఓపిగ్గా వివరించాడు. సవరించాలంటే కొత్త ఫైలు తెరవాలి. ఒకే జన్యువు మీద రెండు ఫైళ్లు ఉండకూడదు గనక పాత ఫైలు మూయాలి. శీల నిర్ధారణ పూర్తయితే తప్ప పాత ఫైలు మూతపడదు.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయన ఉద్యోగ విరమణకు అయిదు నెలలుంది. ఈ అయిదు నెలల్లో ఎవరితోనూ మాట పట్టింపు రాకూడదని ఆయన ఒక వ్రతంలాగా పెట్టుకున్నాడు. "మన భాషలో మన సైన్సు! ఎంత గంభీరంగా ఉందో చూడండి," అన్నాడు. "మీ తెలుగు కూడా బాగుంది. చిన్నపిల్లలకు."

పదిహేను రోజులకు సచివాలయం నుంచి జవాబు వచ్చింది. పరిశ్రమలలో వినియోగించుటకు ప్రతిపాదించబడిన సదరు జన్యువు శీలము నిర్ధారించబడినదని పేర్కొనబడినది గాని, నిర్ధారించిన పోలీసు అధికారి ధ్రువపత్రము జతపరచబడలేదు, కావున వెంటనే జతపరచి పునఃసమర్పించవలెను.

హైమవతి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి డైరెక్టరు గారికి చూపించింది.

"ఒక సర్టిఫికెట్టే కదా," అన్నాడాయన. "పదో తరగతి అయ్యాక నాకూ ఇచ్చారు. శీలము, ప్రవర్తన: సంతృప్తికరము. ఇప్పటికీ దాచుకున్నాను."

వారం తిరక్కుండా పోలీసు స్టేషను నుంచి హెడ్ కానిస్టేబుల్ మజ్జి తవుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి. పాస్‌పోర్టులకూ ఉద్యోగాలకూ ఇరవై ఏళ్లుగా విచారణలు చేసి చేసి, ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీ ఎక్కడుందో చూసుకునే అలవాటు చేసుకున్నాడు. ప్రయోగశాలలో ఒక స్టూలు మీద కూర్చుని ఫారం తెరిచాడు.

"మీరు సెప్పండమ్మా, నాను రాసుకుంతాను. పేరు?"

"సీపీ మూడు."

"ఇంటిపేరు సీపీ అన్నమాట. తండ్రి?"

"జిల్లేడు."

"తల్లి?"

"అదీ జిల్లేడే."

"మేనరికం," అని రాసుకున్నాడు తవుడు. "పుట్టిన ఊరు?"

"రైల్వే గేటు అవతల దిబ్బ మీద మొక్క ఉంది. దాన్నుంచి తీశాం."

"ఏం పని సేస్తాడు?"

"మాంసకృత్తులు కోస్తుంది."

తవుడు తలెత్తాడు. "కత్తితోనా?"

"కత్తి ఏమీ ఉండదండీ. దాని స్వభావమే అది."

'ఎట్టి ఆయుధము లేక నరుకు స్వభావము కలదు,' అని తవుడు మెల్లగా, ఒక్కొక్క అక్షరం పలుకుతూ రాశాడు. "అందర్నీ నరికీడమేనా, ఎవుల్నయినా ఒగ్గీస్తాడా?"

"తోలు జోలికి పోదు. వెంట్రుక కుదురు దగ్గర మాత్రమే కోస్తుంది. అదే దాని గొప్ప."

"అంటే ఇచక్షణ ఉంది," అన్నాడు తవుడు కాస్త తేలిగ్గా. "మంచిదే. ఇప్పుడెక్కడుంతన్నాడు?"

హైమవతి గది మూలనున్న పెద్ద ఫ్రీజరు చూపించింది. మైనస్ ఎనభై డిగ్రీలు. లోపల ఇరవై నాలుగు సన్నటి గొట్టాల్లో, ఒక్కో గొట్టంలో చిటికెడంత ఈస్టు, ఆ ఈస్టులో జన్యువు.

"ఎన్నాళ్లయింది పెట్టి?"

"రెండేళ్లు."

తవుడు కలం మూత పెట్టేశాడు. చాలాసేపు ఫ్రీజరు వంక చూశాడు. "నాను ముప్పై ఏళ్ల సర్వీసులో దొంగల్ని సూసినాను, కూనీకోరుల్ని సూసినాను. ఎవుల్నీ ఇలగ ఉంచలేదమ్మా," అన్నాడు.

"అది మనిషి కాదండీ. బయట పెడితే చచ్చిపోతుంది."

"నాకు తెల్దేటమ్మా మనిషి కాదని? నాకూ కళ్లున్నాయి. కానీ పారంలో మనిషి కాదని రాయడానికి గడి లేదు," అన్నాడు తవుడు. చూసింది చూసినట్టు రాసి, ఆమె ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

తవుడు నివేదిక ఎంత నిజాయితీగా ఉందో అంత నష్టం చేసింది. శీలం విషయంలో అతను అభ్యంతరం ఏమీ చెప్పలేదు. కానీ రెండేళ్లుగా వెలుతురు లేని గదిలో, మైనస్ ఎనభైలో, ఒంటరిగా ఉంచారని రాశాడు. అది చదివిన భీమశంకరం నిజంగానే కలత చెందాడు. ఆయన చెడ్డవాడు కాదు. జైల్లో పనిచేసినన్నాళ్లూ ఖైదీల అన్నంలో రాయి దొరికితే వంటవాణ్ణి ఊరికే వదిలేవాడు కాదు.

"ఏకాంత నిర్బంధం ఏకబిగిన పద్నాలుగు రోజులు మించకూడదు," అన్నాడు హైమవతితో. "మీరు ఏడు వందల ముప్పై రోజులు ఉంచారు. ఇది నా హయాంలో బయటపడింది, నేను చూస్తూ ఊరుకోలేను."

"అది నిర్బంధం కాదు సార్. మీరు పెట్టిన పేరు!"

"పేరు పెట్టాం కదా. పెట్టాక దానికి తగ్గట్టు ఉండాలి."

మరునాడే నిర్బంధ సమీక్షా సంఘం ఏర్పడింది. డైరెక్టరు గారు అధ్యక్షులు, భీమశంకరం కార్యదర్శి. మొదటి సమావేశంలోనే తీర్మానం అయిపోయింది. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట గాలీ వెలుతురూ తగిలేలా ఫ్రీజరు తలుపు తెరిచి ఉంచాలి. గొట్టాలను విడివిడిగా కాక నాలుగేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి సహవాసం కల్పించాలి. వారానికోసారి బరువు తూచి, తగ్గితే కారణం రాయాలి. అమలు చూడడానికి తలుపు దగ్గర ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. అతను రెండు పూటలా గడియారం చూసి తలుపు తెరిచేవాడు, ఫ్రీజరు కీచుమని అరిచేది, అతను దానికేసి జాలిగా చూసేవాడు.

పదో రోజున హైమవతి ఒక గొట్టంలోంచి కాస్త గీకి తీసి పరీక్షించింది. ముందు నూటికి తొంభై మొలకెత్తే ఈస్టు ఇప్పుడు నలభై దాటలేదు. ఇంకో నెల ఇలా గాలి తగిలితే ఆరేళ్ల పని గొట్టాల్లోనే నిశ్శబ్దంగా చచ్చిపోతుంది. ఆమె బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

ఆ వేళే సలోమి మళ్లీ వచ్చింది. గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆపేశారు. సందర్శకులు వేలు పెట్టాల్సిన మిషను ఆమె వేలిముద్ర తీసుకోలేదు. పది వేళ్లూ ప్రయత్నించింది. సున్నానికీ సల్ఫైడుకీ అరిగిపోయిన చేతులవి, వాటిమీద గీతలు లేవు. చివరికి హైమవతి కిందికి దిగి తీసుకువచ్చింది.

"రేషను మిషనూ ఇంతే డాట్రమ్మా," అంది సలోమి నవ్వుతూ. "నాను మనిసినని ఒప్పుకోదు. ఏటయింది మన పని?"

హైమవతి జరిగినదంతా చెప్పింది. చెబుతుంటే తనకే సిగ్గుగా అనిపించింది. చదువుకున్నవాళ్లు ఇంతమంది కలిసి ఇది చేశారని ఈమెకు ఎలా చెప్పడం! సలోమి మాత్రం నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. శ్రద్ధగా విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ పెద్దసారు జైలు నుంచి ఒచ్చినారా?"

"జైళ్ల శాఖ నుంచి. అధికారిగా."

"ఏదైతేనేం. మా మరిది జైల్లో ఉన్నప్పుడు పెరోలు మీద ఒచ్చి, ఇల్లు కప్పీసి, ఎల్లిపోనాడు. మనిసి మంచోడైతే ఇస్తారంట గదా. మరి ఈ జిల్లేడోడికి ఇవ్వరేటి?"

హైమవతి ఆమెకేసి చూసింది. ఆరేళ్ల పరిశోధనలో అంత స్పష్టమైన సలహా ఆమెకు ఏ శాస్త్రవేత్తా ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తెల్లకాగితం ముందు పెట్టుకుని, తనకు తెలిసిన తెలుగునంతా కాసేపు మరిచిపోయి, అర్జీ రాసింది. 'సదరు జన్యువు సత్ప్రవర్తన కలిగి, నిర్బంధ కాలమున ఎట్టి అల్లరియు చేయక, ఈస్టుతో సఖ్యముగా మెలగుచున్నందున, వృత్తి శిక్షణార్థము ముషిడిపాలెం తోళ్ల కార్మికుల సహకార సంఘమునకు ఇరువది యొక్క దినముల పెరోలుపై పంపుటకు అనుమతింప ప్రార్థన.'

చదివిన భీమశంకరం కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లకు మీరు ఫైలు భాషలో మాట్లాడారమ్మా," అన్నాడు. "చదువుతుంటే నాకు మళ్లీ సెంట్రల్ జైలులో కూర్చున్నట్టుంది. రోజూ స్టేషనులో సంతకం పెట్టాలి, తెలుసు కదా?"

"దానికి సంతకం రాదు సార్."

"నిరక్షరాస్యులకు వేలిముద్ర."

"వేళ్లు లేవు."

"అయితే పోలీసు వెళ్లి స్వయంగా చూసి రావాలి. ఆ తవుడు మంచివాడు, అతన్నే వేద్దాం. జామీను ఎవరు?"

"సంఘం అధ్యక్షురాలు బంగారి సలోమి."

వేలిముద్ర పడని మనిషి, వేళ్లు లేని జన్యువుకు జామీను నిలిచింది. ఆ కాగితం మీద ఆమె వేలి గుర్తు ఉత్త సిరా మరకలాగా పడింది. భీమశంకరం దాన్ని కాసేపు దీపం వెలుగులో చూసి, 'గుర్తు చూచితిని' అని సంతకం చేశాడు.

మార్చి ఎనిమిదిన ఒక గొట్టం, మంచుపెట్టెలో, జీపు ముందు సీటులో తవుడు ఒళ్లో కూర్చుని ముషిడిపాలెం వెళ్లింది. హైమవతి వెనక సీటులో కూర్చుంది. సంఘం షెడ్డులో స్టీలు డ్రమ్ము సిద్ధం చేసి ఉంచారు. ఈస్టుకు తిండి పెట్టి, వెచ్చగా ఉంచి, గాలి అందించి మూడు రోజులు పులియబెట్టారు. నాలుగో రోజు పొద్దున డ్రమ్ములోంచి తేటనీరు వడకట్టి మేకతోళ్ల మీద పోశారు.

మొదటి తోలు మొద్దు మీద పరిచి సలోమి చెయ్యి చాపింది. రబ్బరు తొడుగులు వేసుకోమంది హైమవతి. వేసుకుంది. మొద్దుబారిన చెక్కతో ఒక్కసారి, పెద్దగా బలం పెట్టకుండా, కిందికి నెట్టింది. నల్లటి బొచ్చు ఒక పొరలాగా చుట్టుకుని జారి నేలమీద పడింది. కింద తోలు తెల్లగా, కొత్తగా కనిపించింది. సలోమి ఆగి, ఇంకోచోట నెట్టింది. అక్కడా అంతే. షెడ్డులో ఎప్పుడూ ఉండే కుళ్లు గుడ్ల వాసన లేకపోవడం అప్పుడు గమనించారు అందరూ. ఆ పని చేసి చేసి వేళ్లు వంకర్లు పోయిన ముసలాయన ఒకడు వచ్చి, తోలును వాసన చూసి, దాని మీద చెంప ఆనించుకున్నాడు.

తవుడు తన ఫారంలో రాసుకున్నాడు: 'పనిలో శ్రద్ధ కలవాడు. సహచరులకు హాని చేయలేదు.'

రెండు వారాల్లో రెండు వందల తోళ్లు శుద్ధి చేశారు. కాలుష్యం చూసే అధికారులు వచ్చి కాలవ నీళ్లు పట్టుకుని పరీక్షించి, సల్ఫైడు లేదు గనక తాళం సంగతి ఇప్పటికి ఆపుతున్నామని రాసిచ్చారు. ఆ కాగితం చూసి హైమవతి సంతోషంలో ఇరవై ఒకటో రోజు దగ్గరపడుతున్నదని మరిచిపోయింది. భీమశంకరం మరవలేదు.

మార్చి ఇరవై తొమ్మిది ఉదయం ఆయన సంస్థ గేటు దగ్గర బల్ల వేయించుకుని రిజిస్టరుతో కూర్చున్నాడు. జీపు వచ్చింది. హైమవతి ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా దింపింది. అందులో డ్రమ్ములోంచి తీసిన ఈస్టు మడ్డి పది లీటర్లు ఉంది.

"వెళ్లింది ఒక గొట్టం. ఇదేమిటి?"

"పెరిగింది సార్. ఈస్టు కదా, పులిసేకొద్దీ పిల్లలు పెడుతుంది. ప్రతి దాంట్లోనూ ఆ జన్యువే ఉంటుంది."

"ఎంతమంది ఉంటారు ఇందులో?"

"చెంచాకు కొన్ని కోట్లు."

భీమశంకరం కలం రిజిస్టరు మీద ఆగిపోయింది. "పెరోలు మీద వెళ్లింది ఒకటి. హాజరు కావలసింది ఒకటి. ఈ మిగతావాళ్లంతా ఎవరు?"

"అన్నీ అదే సార్."

"అన్నీ అదే అయితే, అసలుది ఏది?"

హైమవతి నిజం చెప్పింది. అసలుదీ నకలుదీ అనే తేడా లేదని, ఏది ఏదో చెప్పడం ఈ భూమ్మీద ఎవరివల్లా కాదని చెప్పింది. అది ఆమె చేసిన పొరపాటో, ఆమె చేసిన అతి తెలివైన పనో, తర్వాత చాలారోజులు ఆమెకే తేలలేదు.

"అంటే రాలేదన్నమాట," అన్నాడు భీమశంకరం. రిజిస్టరులో ఎర్రసిరాతో రాశాడు: 'పరారీ.'

అనుమతి సంగతి ఇక అడగనవసరం లేకపోయింది. పరారీలో ఉన్నదాన్ని పరిశ్రమలో వినియోగించుటకు ఏ నియమమూ ఒప్పుకోదు. ఫ్రీజరులో మిగిలిన ఇరవై మూడింటి సంగతి డైరెక్టరు గారు భయపడుతూ భయపడుతూ అడిగితే, అవి పరారైనదాని బంధువులు మాత్రమేననీ, విచారణ పూర్తయ్యేదాకా వాటిని కదిలించరాదనీ భీమశంకరం తేల్చాడు. కదిలించరాదు గనక ఫ్రీజరు తలుపు తెరవడం మానేశారు. ఈస్టు ఊపిరి పీల్చుకుంది.

పరారీ అన్నాక ప్రకటన ఇవ్వాలి. నమూనాలో 'గుర్తింపు చిహ్నములు, ఏ ఒక్కటియు విడువక' అనే గడి ఉంది. దాన్ని ఏం రాసి నింపాలో భీమశంకరానికి తోచలేదు. హైమవతిని పిలిపించాడు.

"పుట్టుమచ్చలు ఏమైనా ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి సార్," అంది హైమవతి. "వెయ్యిన్ని ఎనభై ఏడు."

ఏ జన్యువైనా నాలుగు రసాయనాలే అక్షరాలుగా రాసిన వరుస. ఆ వెయ్యిన్ని ఎనభై ఏడు అక్షరాల క్రమం మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఆమె కూర్చుని నాలుగుసార్లు సరిచూసి ఇచ్చింది. ఆ అక్షరాలను చదివి ఎవరైనా ఆ జన్యువును తయారుచేసుకోవచ్చు. పదకోశంలో వాటికి మాటలు లేవు గనక భీమశంకరం మొట్టమొదటిసారి ఆమె రాసినదాన్ని రాసినట్టే ఉంచాడు. కింద 'వేడిమి యాభై డిగ్రీల వద్ద చురుకుగా ఉండును, పులుపు ఎక్కువైన పారిపోవును, మేకతోళ్లు ఉన్నచోట సంచరించు అవకాశము కలదు' అని ఆయనే చేర్చాడు. రాష్ట్రంలోని అన్ని పోలీసు స్టేషన్లకూ, బస్‌స్టాండ్లకూ, తోళ్ల పని జరిగే ప్రతి ఊరికీ పెద్ద కాగితాల మీద అచ్చువేసి పంపారు.

ముషిడిపాలెంలో వెతకడం తవుడు వంతు. ప్రతి సోమవారమూ షెడ్డుకు వెళ్లి, డ్రమ్ము పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లోపల, డబ్బాకెక్కకుండా మిగిలిన ఈస్టు బుడబుడమని పులుస్తూ ఉండేది.

"వొచ్చినాడేటి సలోమమ్మా?"

"రానేదు బాబూ," అనేది సలోమి, తోలు మీద బొచ్చు నెడుతూ.

"వొస్తే సెప్పు మరి."

"సెప్పకుండా ఉంతానేటి? జామీను నిలిచినదాన్ని గదా."

'గాలింపు కొనసాగుచున్నది,' అని రాసుకుని తవుడు టీ తాగి వెళ్లేవాడు.

మే నెల వచ్చేసరికి సంస్థకు ఉత్తరాలు మొదలయ్యాయి. అన్నీ రాష్ట్రం నాలుగు మూలలా ఉన్న తోళ్ల సంఘాల నుంచి. బస్‌స్టాండులో ప్రకటన చూశామనీ, ఇటువంటి వ్యక్తి కోసం తాము కూడా చాలాకాలంగా ఎదురుచూస్తున్నామనీ రాశారు. ఒక సంఘం వాళ్లు, అతను తమ ఊరు వైపు వచ్చే అవకాశం ఉంటే ముందుగా తెలియజేయాలనీ, వచ్చిన వెంటనే పట్టుకుని, ఓ నాలుగేళ్లు తమ దగ్గరే కాపలాలో ఉంచి, తర్వాత అప్పగించగలమనీ హామీ ఇచ్చారు. మొత్తం పద్దెనిమిది ఉత్తరాలు.

భీమశంకరం వాటిని ఒక దారానికి గుచ్చి, గర్వంగా హైమవతి ముందు పెట్టాడు.

"చూశారా ప్రజల సహకారం! జైళ్ల శాఖలో ఇన్నేళ్లు ప్రకటనలు వేశాం, ఒక్కరూ ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు." కాస్త ఆలోచించి, గొంతు తగ్గించాడు. "అయితే ఒక చిక్కుంది. వీళ్లెవరూ దాన్ని ముందెప్పుడూ చూడలేదు. ఎదురుగా వచ్చినా ఎలా పోల్చుకుంటారు?"

"నిజమే సార్. పోల్చుకోలేరు."

"పోలిక కోసం దాని బంధువును ఒక్కొక్క చోటికి ఒక్కొక్కదాన్ని పంపితే?"

"విచారణ పూర్తయ్యేదాకా కదిలించరాదు కదా సార్?"

"విచారణలో భాగంగానే పంపుతున్నాం," అన్నాడాయన, నోట్ ఫైలు దగ్గరికి లాక్కుంటూ. "కానీ ఒంటరిగా చల్లగదిలో పడేస్తే ఊరుకునేది లేదు. వెచ్చగా ఉంచాలి. తిండి పెట్టాలి. గాలి ఆడాలి. చేతినిండా పని కల్పించాలి. మీరే దగ్గరుండి వాళ్లకు నేర్పండి."

హైమవతి తలూపింది. నవ్వు వస్తుందేమోనని కిటికీలోంచి బయటికి చూసింది. నవ్వు రాలేదు. తాను ఆరేళ్లుగా ఎదురుచూసిన అనుమతి ఉత్తర్వును ఒక మనిషి తన కళ్లెదుట, తన సొంత దస్తూరీతో, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాడు.

"పద్దెనిమిది చోట్ల చూస్తే ఎక్కడో ఒకచోట దొరక్కపోదు," అన్నాడు భీమశంకరం సంతకం చేస్తూ.

"దొరుకుతుంది సార్," అంది హైమవతి. "ఆరు నెలలు పోతే ఎక్కడ చూసినా అదే దొరుకుతుంది."